పాపకి 22 నెలలు, ఎత్తు తక్కువని కార్డు మీద ఎర్ర గుర్తు పెట్టారు. అంగన్‌వాడీ తిండితో నిజంగా తేడా వస్తుందా?

చిట్టితల్లి_నాన్న | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది వికారాబాద్ వైపు పల్లె. నేను హైదరాబాద్‌లో పని చేస్తాను, శనివారం రాత్రి ఊరెళ్ళి సోమవారం పొద్దున వచ్చేస్తాను. పాపకి 22 నెలలు. మొన్న శుక్రవారం అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూశారు. బరువు 9 కిలోల 400 గ్రాములు, పర్లేదన్నారు. ఎత్తు 78 సెంటీమీటర్లు వచ్చిందట. వయసుకి తగ్గ ఎత్తు లేదని కార్డు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టారు. మా ఆవిడ ఫోన్‌లో ఒకటే ఏడుపు. మా అమ్మేమో "మన వంశంలో ఎవరు పొడుగున్నారని, ఊరుకో" అంటుంది.

అప్పటినుంచి నెట్‌లో చదువుతూనే ఉన్నాను. ఎత్తు పెరగకపోతే మెదడు కూడా ఎదగదని, చదువు రాదని రాస్తున్నారు. మూడు రోజులుగా నిద్ర లేదు. రెండు ప్రశ్నలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్డు లాంటివాటితో పిల్లల్లో నిజంగా మార్పు వస్తుందా? మన ప్రాంతంలో ఎవరైనా పరిశోధన చేసి చూశారా? రెండోది, పాపకి రెండేళ్ళు నిండబోతున్నాయి. ఆలస్యం అయిపోయిందా?

తార్నాక_బస్సు | సోమవారం, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఆ నెట్ కట్టేసి పడుకో. మన ప్రాంతంలో ఎవరైనా చూశారా అన్నావు కదా, చూశారు. అదీ మీ జిల్లాకి పక్కనే.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ళు 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో ఒక పని చేశారు. అప్పట్లో అంగన్‌వాడీ పథకం అన్ని చోట్లకీ ఒకేసారి రాలేదు, విడతల వారీగా వచ్చింది. అలా పథకం వచ్చిన 15 ఊళ్ళలో గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ ఉప్మా వండి పెట్టారు. మన బొంబాయి రవ్వ ఉప్మా కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో సోయా నూనె వేసి చేసింది. ఇంకా పథకం రాని 14 ఊళ్ళని పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. ఉప్మా పెట్టిన ఊళ్ళలో పుట్టిన పిల్లల బరువు సగటున 61 గ్రాములు ఎక్కువ వచ్చింది. చిన్న తేడానే. మామూలుగా అయితే అక్కడితో ఫైలు మూసేసేవాళ్ళు.

కానీ 2003లో మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళారు. లండన్ నుంచి డాక్టర్ సంజయ్ కిన్రా, ఇక్కడి సంస్థ వాళ్ళు కలిసి ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్ళకి 13 నుంచి 18 ఏళ్ళు. 1165 మందిని కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఎత్తు సంగతి అలా ఉంచు, నాకు ముఖ్యం అనిపించింది వేరే. వాళ్ళ రక్తనాళాలు తక్కువ బిగుసుకున్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పని చేస్తోంది. అంటే ముందుముందు సుగర్, గుండె జబ్బుల ముప్పు కొంచెం తగ్గినట్టు. బీపీలో, కొవ్వులో మాత్రం గట్టి తేడా కనపడలేదు. ఇది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

వాళ్ళకి ఇరవై దాటాక ఇంకోసారి చూశారు. చిన్నప్పుడు ఆ ఊళ్ళలో పెరిగినవాళ్ళు సెకండరీ చదువు పూర్తి చేసే అవకాశం 9 శాతం, డిగ్రీ దాకా వెళ్ళే అవకాశం 11 శాతం ఎక్కువ. ఆ వయసుకి పెళ్ళయినవాళ్ళు తక్కువ. ఆడపిల్లల పెళ్ళి ఒకటి రెండేళ్ళు వెనక్కి జరగడమంటే ఏమిటో మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 11:02

బస్సు గారు చెప్పిందంతా సరైనదే. కానీ ఒక తండ్రి టెన్షన్‌లో అడుగుతున్నాడు కాబట్టి పూర్తిగా చెప్పాలి.

ఏ ఊరికి ఉప్మా, ఏ ఊరికి కాదు అన్నది చీటీలు తీసి తేల్చలేదు. పథకం ముందు ఎక్కడికి వచ్చిందో అక్కడ పెట్టారు. రోడ్డు, బడి, నీళ్ళు లాంటి విషయాల్లో ఆ ఊళ్ళు ముందునుంచే కొంచెం తేడాగా ఉండి ఉండొచ్చు. రెండోది, ఆ ఊళ్ళలో ఉప్మా ఒక్కటే పెట్టలేదు. టీకాలు, రక్తహీనతకి మందులు, గర్భిణుల పరీక్షలు అన్నీ కలిపి ఒక దారిలో పెట్టారు. కాబట్టి "ఉప్మా వల్ల 14 మిల్లీమీటర్లు" అనకూడదు. "ఉప్మా, దానితో కలిపి ఇచ్చిన సేవల వల్ల" అనాలి. మూడోది, 14 మిల్లీమీటర్లు సగటు లెక్క. దాన్ని పట్టుకుని ఒక పాప ఎంత పెరుగుతుందో చెప్పలేం.

తార్నాక_బస్సు | సోమవారం, రాత్రి 11:20

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. పరిశోధన చేసినవాళ్ళూ "కలిపి ఇచ్చిన కార్యక్రమం" అనే రాశారు. ఉప్మా ఒక్కదానికే పేరు ఇచ్చేసింది నేనే.

అయితే ఇలాంటిదే గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 వరకు జరిగింది. రెండు ఊళ్ళలో ప్రొటీన్ ఉన్న అటోలే అనే జావ, రెండు ఊళ్ళలో ప్రొటీన్ లేని తీపి పానీయం ఇచ్చారు. వైద్యం నాలుగు ఊళ్ళకీ ఒకేలా ఇచ్చారు. రెండేళ్ళలోపు ఆ జావ తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకి సంపాదించే కూలి 46 శాతం ఎక్కువ వచ్చింది. ఆడవాళ్ళ సంపాదనలో ఆ తేడా కనపడలేదు. మీరు లేవనెత్తిన అనుమానానికి అది కొంత జవాబు చెబుతుంది. ఊళ్ళు నాలుగే అని మీరు అంటారు, అదీ న్యాయమే.

పలక_బలపం | మంగళవారం, ఉదయం 6:10

నేను ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ని. 19 ఏళ్ళ సర్వీసు. పరిశోధనలు నాకు తెలియవు, చూసింది చెబుతాను.

బాబూ, బాలామృతం ప్యాకెట్ ఇంటికి పంపిస్తాం. ఇంటికి వెళ్ళాక అది ఎవరి నోట్లోకి వెళ్తుందో మీకు తెలుసా? ఒకసారి ఒక ఇంటికి పొద్దున్నే వెళ్ళాను. తల్లి గిన్నెలో పిండి వేడినీళ్ళతో కలిపి పెట్టింది. చిన్నది రెండు ముద్దలు తిని మొహం తిప్పేసుకుంది. పక్కన నాలుగేళ్ళ అన్న కూర్చుని ఆ గిన్నెనే చూస్తున్నాడు. తల్లి ఏం చేస్తుంది? వాడికి పెట్టేసింది. ఆమెది తప్పని నేను అనను. ఇద్దరూ ఆమె బిడ్డలే. కానీ చిన్నది మొహం తిప్పుకుందంటే కడుపు నిండిందని కాదు. మళ్ళీ పావుగంట ఆగి, పిండిలో కాస్త నెయ్యో నూనెనో వేసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెట్టాలి. ఆ పావుగంట చాలామంది తల్లులకి ఉండదు. కూలికి ఏడింటికే ఆటో వస్తుంది.

మీ ఆవిడ ఒక్కతే ఉందా, మీ అమ్మగారు సాయం ఉన్నారా? రోజుకి ఎన్నిసార్లు పెడుతున్నారు? గుడ్డు తింటుందా?

చిట్టితల్లి_నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, మీరు రాసింది మా ఇంట్లో చూసి రాసినట్టే ఉంది. అమ్మ ఉంది కానీ మోకాళ్ళ నొప్పులు. పొద్దున పాలు, బిస్కెట్. మధ్యాహ్నం పప్పన్నం. సాయంత్రం మళ్ళీ బిస్కెట్ లేకపోతే టీలో ముంచిన బన్ను. రాత్రి పెరుగన్నం కొంచెం. గుడ్డు పచ్చసొన ఉమ్మేస్తుందని మానేశారు. బాలామృతం ఇంట్లో రెండు ప్యాకెట్లు అలాగే ఉన్నాయని ఇప్పుడే ఫోన్‌లో తెలిసింది.

ఊరూరా_తిరిగినమ్మ | మంగళవారం, రాత్రి 8:30

నేను పిల్లల సర్వేల్లో ఏడేళ్ళు ఇంటింటికీ తిరిగి కొలతలు తీసుకున్నాను. నాకు ముందు ఒక్కటే తెలియాలి. పాపని నిలబెట్టి కొలిచారా, పడుకోబెట్టి కొలిచారా?

రెండేళ్ళలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. చెక్క పలక ఉంటుంది, దాని మీద పడుకోబెట్టి, ఒకరు తలని పై పలకకి ఆనించి చూపు నిటారుగా ఉండేలా పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్ళు మెల్లగా నొక్కి, పాదాలు మడమ నుంచి వేళ్ళదాకా కింది పలకకి ఆనాక చదవాలి. ఇద్దరు లేకుండా ఈ పని కాదు. పిల్ల ఏడుస్తుంది, తన్నుతుంది, మోకాలు వంచేస్తుంది. ఆ ఒక్క వంపుతో సెంటీమీటరు పోతుంది. మేము రెండుసార్లు తీసేవాళ్ళం, రెండూ కలవకపోతే మూడోసారి. నిలబెట్టి కొలిస్తే పడుకోబెట్టినప్పటికంటే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. మీ పాప 22 నెలల ఆడపిల్ల కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో గీత, అంటే దానికి కింద ఉంటేనే ఎత్తు తక్కువ అనే హద్దు, 78.4 దగ్గర ఉంటుంది. మీకు వచ్చింది 78. అర్థమవుతోందా?

ఆలస్యం అయిపోయిందా అన్నదానికి కూడా. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే అధ్యయనం ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఆంధ్ర, తెలంగాణల్లో 2002 నుంచి సుమారు 3000 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా చూస్తూ వచ్చారు. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ఇలా 20 చోట్ల. పిల్లలకి ఎన్ని మాటలు అర్థమవుతాయో చూడటానికి బొమ్మల పరీక్ష పెట్టేవాళ్ళు. పేజీకి నాలుగు బొమ్మలు, ఒక మాట చెబితే ఏ బొమ్మో వేలు పెట్టి చూపించాలి. ఏడాది వయసులో ఎత్తు తగ్గిన పిల్లలు ఆ తర్వాత ఇలాంటి పరీక్షల్లో వెనకబడటం నిజం. కానీ వాళ్ళలో కొందరు ఎనిమిదేళ్ళలోపు మళ్ళీ పెరిగి గీత దాటారు, అలా పుంజుకున్నవాళ్ళు చదువులోనూ పుంజుకున్నారు. మొదటి 1000 రోజులు, అంటే కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్ళు నిండేదాకా, అతి ముఖ్యం, కాదనను. 1001వ రోజున తలుపు మూసుకుపోదు.

కడప_కువైట్ | బుధవారం, ఉదయం 11:50

అన్నా, తిండి గురించి అందరూ చెప్తున్నారు, నీళ్ళ గురించి ఎవరూ చెప్పడం లేదు. మా ఊళ్ళో పిల్లలకి నెలకోసారి విరోచనాలు. ఎంత తినిపించినా పోతుంది. ముందు మరుగుదొడ్డి, మంచినీళ్ళు. అవి సరిగ్గా ఉంటే ఎత్తు దానంతట అదే వస్తుంది.

తెల్లకోటు | బుధవారం, రాత్రి 10:15

తమ్ముడూ, నేను పిల్లల వైద్యుణ్ణి. నువ్వన్నట్టే మేమూ చాలా ఏళ్ళు గట్టిగా నమ్మాం. అందుకే బంగ్లాదేశ్‌లో, కెన్యాలో పెద్ద పరీక్షలు చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఇక్కడ ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు తీసే తేల్చారు, మాస్టారికి సంతృప్తిగా ఉంటుంది. కొన్ని ఊళ్ళలో నీళ్ళు శుభ్రం చేసే మందు, మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాటు. కొన్నిట్లో పిల్లలకి పోషకాలు కలిపిన నూనె పేస్టు, తల్లులకి సలహా. కొన్నిట్లో రెండూ. ఎత్తు కొంచెమైనా పెరిగింది తిండి ఇచ్చిన చోట్లే. నీళ్ళు, దొడ్లు మాత్రమే ఇచ్చిన చోట ఎత్తులో మార్పు రాలేదు. రెండూ కలిపిన చోట, తిండి ఒక్కటే ఇచ్చినదానికంటే ఎక్కువేమీ రాలేదు. తర్వాత జింబాబ్వేలోనూ అదే తీరు.

మరుగుదొడ్డి వద్దని దీని అర్థం కాదు. బంగ్లాదేశ్‌లో విరోచనాలు తగ్గాయి, అది చాలు మనకి అవి కావాలనడానికి. కానీ ఇంట్లో కుళాయి వచ్చిందని తిండి సంగతి వదిలేయకూడదు.

పాప విషయం. బిస్కెట్, టీ ఈ రోజే ఆపండి. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆంధ్రలో 63.2 శాతం. ఒకసారి రక్తపరీక్ష చేయించండి. పచ్చసొన ఉమ్మేస్తుంటే పప్పన్నంలో నలిపి కలిపేయండి.

పాలమూరు_బిడ్డ | గురువారం, ఉదయం 7:05

ఈ చర్చ మూడు రోజుల నుంచి చదువుతున్నా, రాయకుండా ఉండలేకపోతున్నా. మాది మహబూబ్‌నగర్. 2002లో కరువు. మా నాన్న పుణె దగ్గర పనికి పోయాడు, నేను మా నానమ్మ దగ్గర ఉన్నా. 2003 జనవరిలో మా బడిలో వండి పెట్టుడు మొదలైంది. అంతకు ముందు బియ్యం ఇచ్చేవాళ్ళు, అవి ఇంటికి పోయేవి. మొదటిరోజు ఏం పెట్టారో ఇప్పటికీ గుర్తుంది. అన్నం, నీళ్ళ పప్పు. నేను రెండుసార్లు పెట్టించుకున్నా. మా చెల్లి బడి ఈడు కాకపోయినా నా పక్కన కూర్చునేది, వండే అవ్వ దాని చేతిలో కూడా పెట్టేది.

యంగ్ లైవ్స్ పిల్లల మీదనే, బడి భోజనం గురించి అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ రాసిన వ్యాసం ఒకటి చదివా. కరువులో చిన్నప్పుడు బక్కచిక్కిన పిల్లలు, బడిలో భోజనం దొరికాక ఆ లోటు పూడ్చుకున్నారని చూపించారు. అది చదివి మా చెల్లికి ఫోన్ చేశా. దానికి ఆ అవ్వ గుర్తే లేదు, నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఇప్పుడు అది నర్సు.

లెక్కల_మాస్టారు | గురువారం, ఉదయం 7:40

బిడ్డా, ఆ వ్యాసం నేనూ చదివాను. ఆలస్యంగానైనా తిండి పనికొస్తుందని చెప్పే ఆధారాల్లో నాకు అది బాగా నచ్చింది. ఎదురు చెప్పడానికేమీ లేదు.

ఊరూరా_తిరిగినమ్మ | గురువారం, రాత్రి 9:00

తిండితో పాటు ఇంకో మాట. 1986లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే ఆవిడ, ఎత్తు తక్కువున్న 129 మంది పిల్లల్ని తీసుకుంది. 9 నుంచి 24 నెలల వయసు, అంటే మీ పాప ఈడు. కొందరికి వారం వారం పాల పిండి ఇచ్చారు. కొందరి ఇళ్ళకి వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి గంటసేపు తల్లితో పిల్లని ఆడించడం నేర్పింది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. ఆట వస్తువులు ఇంట్లో దొరికే డబ్బాలు, మూతలే. రెండేళ్ళు అలా చేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆట నేర్పిన పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువ. పాల పిండి ఒక్కటే తీసుకున్నవాళ్ళలో అంత దూరం మార్పు నిలవలేదు. మన పక్కనే ఒడిశాలో 192 ఊళ్ళలో ఇదే పద్ధతి చేశారు. అక్కడ ఇంటింటికీ వెళ్ళకుండా తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టి నేర్పినా ఫలితం దాదాపు అంతే వచ్చింది, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

శనివారం ఊరెళ్ళినప్పుడు ఖాళీ పౌడరు డబ్బా, రెండు మూతలు, నాలుగు చింతగింజలు పెట్టుకుని ఒక అరగంట పాపతో కూర్చోండి. గింజలు మింగకుండా చూసుకోండి. డబ్బాలో వేసేటప్పుడు ఒకటి, రెండు అంటూ పైకి లెక్కపెట్టండి. అది ఏమన్నా తిరిగి మాట చెప్పండి. అయినా నా మొదటి ప్రశ్నకి జవాబు రాలేదు. నిలబెట్టారా, పడుకోబెట్టారా?

చిట్టితల్లి_నాన్న | ఆదివారం, సాయంత్రం 5:30

అమ్మా, ఆలస్యానికి క్షమించండి. నిన్న రాత్రి వచ్చాను. నిలబెట్టే కొలిచారు, గోడకి ఆనించి స్కేలుతో. ఆ రోజు చాలామంది పిల్లలున్నారట, టీచరమ్మ ఒక్కతే ఉంది, ఆయమ్మ సెలవు. పాప ఏడుస్తూ కాళ్ళు వంచేసిందని మా ఆవిడ చెప్పింది.

ఈ రోజు ఆదివారమైనా అడిగితే టీచరమ్మ వచ్చి కేంద్రం తలుపు తీసింది. చెక్క పలక అల్మారా పైన అట్టపెట్టెల వెనక ఉంది, దుమ్ము దులిపాం. మీరు చెప్పినట్టే చేశాం. నేను తల పట్టుకున్నాను, ఆవిడ మోకాళ్ళు. పాప నా మొహం తలకిందులుగా చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది, అందుకేనేమో కదలలేదు. మొదటిసారి 78.9. రెండోసారి 78.9.

ఎర్ర గుర్తు కొట్టేయమని మా ఆవిడ అంది. టీచరమ్మ కొట్టేయబోయింది కూడా.

ఊరూరా_తిరిగినమ్మ | ఆదివారం, సాయంత్రం 6:05

కొట్టేయించొద్దు. పక్కన కొత్త కొలత, తేదీ, "పడుకోబెట్టి" అన్న మాట రాయించండి. గీత 78.4 అయితే మీ పాప దానికి అర సెంటీమీటరు పైన ఉంది, అంతే. గీతకి పైనా కిందా ఒకే పిల్ల, ఒకే బిస్కెట్. డాక్టరుగారు చెప్పిన రక్తపరీక్ష మానొద్దు. మూడు నెలల తర్వాత, రెండేళ్ళు దాటుతాయి కాబట్టి అప్పుడు నిలబెట్టి కొలవాలి. పట్టికలో కూడా నిలబెట్టి కొలిచే వరసే చూడమని టీచరమ్మకి గుర్తు చేయండి, లేకపోతే పాప తగ్గిందని మళ్ళీ భయపడతారు.

పలక_బలపం | ఆదివారం, రాత్రి 8:20

ఆ టీచరమ్మ ఆదివారం తలుపు తీసిందంటే మంచి మనిషి. ఆమె మీద కోపం పెట్టుకోకండి బాబూ. ఒక్కత్తే నలభై మందిని కొలవడం నాకు తెలుసు.

చిట్టితల్లి_నాన్న | ఆదివారం, రాత్రి 10:10

లేదక్కా, కోపం లేదు. వచ్చే నెల నుంచి కొలతల రోజు మా అమ్మ వెళ్ళి పిల్లల తలలు పట్టుకుంటానంది. కూర్చుని చేసే పనే కదా, మోకాళ్ళకి ఇబ్బంది లేదంది. కార్డు మీద రెండు కొలతలూ ఉన్నాయి, తేదీలతో.

రాత్రి బాలామృతంలో చెంచా నెయ్యి వేసి కలిపి పెట్టాను. మూడు ముద్దలు తిని మొహం తిప్పేసింది. పావుగంట ఆగాను. డబ్బాలో మూతలు వేస్తూ, ఒకటి, రెండు అంటూ మళ్ళీ పెట్టాను. గిన్నెలో సగం పైనే తిన్నది. రెండు అన్న మాట "లెండు" అంటోంది. రక్తపరీక్షకి బుధవారం వెళ్తున్నాం, రిపోర్టు వచ్చాక ఇక్కడే పెడతాను డాక్టరుగారూ.